గుమ్మడికాయ మీద నల్లచుక్క

ఈమధ్య హైస్కూలు కుర్రవాళ్ళు కొందరు మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, "తాతగారూ, మీరు ఏ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారండీ?" అని అడిగారు. తోటలో పనిచేశానన్నాను. మొక్కలకు నీళ్ళు పోసేవారా అన్నారు. అదీ కాదు, నాది నోటి పని అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముసలాయనకు మతి కాస్త తప్పిందనుకుని ఉంటారు. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను. చదివాక కూడా అలాగే అనిపిస్తే నేను చెయ్యగలిగింది లేదు.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేవని రోజులవి. ధవళేశ్వరంలో కాలువ లాకులకు కొంచెం దిగువన, గట్టును ఆనుకుని ఒక తోట ఉండేది. స్థలం సర్కారుది, తోట మా ఉద్యానవన సభది. సభలో కొందరు దొరలు, కొందరు జమీందార్లు, రాజమండ్రి ప్లీడర్లు, మిషను బడి పంతుళ్ళు ఒకరిద్దరు సభ్యులు. నెలకోసారి శనివారం సాయంత్రం తోట మధ్యనున్న తాటాకు పాకలో ఉపన్యాసం జరిగేది. ఎరువు ఎలా మాగబెట్టాలి, మామిడికి అంటు ఎలా కట్టాలి, సీమ నుంచి వచ్చిన క్యాబేజీని మన ఎండకు ఎలా బతికించాలి, ఇలాంటివి. ముందు వరసలో కుర్చీలు, వెనక చాపలు. కుర్చీల వాళ్ళకు ఇంగ్లీషు వచ్చు, చాపల మీది రైతులకు రాదు. ఇంగ్లీషులో చెప్పినదాన్ని తెలుగులో చెప్పడానికి సభవారు నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు. మిగతా రోజుల్లో విత్తనాలు పొట్లాలు కట్టేవాణ్ణి, అంటుమొక్కలు పంచేవాణ్ణి. కానీ నా గొప్పంతా శనివారమే.

నిజం చెప్పాలంటే ఉపన్యాసమిచ్చే దొరగారు ఒక్క ముక్క అంటే నేను పది ముక్కలు చెప్పేవాణ్ణి. "మొక్కకు అవసరానికి మించి నీళ్ళు పొయ్యకండి" అని ఆయనంటే, "అత్తగారు కొత్తల్లుణ్ణి మేపినట్టు మొక్కను మేపకండి, పాపం దానికి అజీర్తి చేస్తుంది" అని నేననేవాణ్ణి. చాపల మీద ఒకటే నవ్వులు. దొరగారు తన మాటకే నవ్వుతున్నారనుకుని పొంగిపోయేవారు. ఉపన్యాసం అయ్యాక తోటలో పండిన అరటిపళ్ళు, చెరకు ముక్కలు పంచేవాళ్ళం. జనం వచ్చేది వాటి కోసమని గిట్టనివాళ్ళు అనేవారు. నా మాటల కోసమని నేననుకునేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

సభకు కార్యదర్శి ఒక ప్లీడరు గారు. పెద్ద వయసు, పెద్ద తలపాగా, నడివేసవిలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు. భార్య పోయిన ఏడాది ఆయన కోర్టు మానేసి ఈ తోట మొదలుపెట్టారు. పొద్దున్నే రాజమండ్రి నుంచి ఒంటెద్దు బండిలో వచ్చి, చీకటి పడేవేళకు గానీ ఇంటికి వెళ్ళేవారు కాదు. ఇంటికి వెళ్తే చేసేదేముందోయ్, గోడలతో మాట్లాడాలి అని ఒకసారి అన్నారు. ఆయన ప్రాణమంతా గులాబీల మీద. ఎక్కడెక్కడి చల్లటి కొండల నుంచో అంట్లు తెప్పించి కుండీల్లో పెంచేవారు. అవి మన ఉక్కకు తట్టుకోలేక మొగ్గ తొడిగి, విచ్చుకోకుండానే తల వాల్చేసేవి. ఏటా అంతే. ఏటా ఆయన, "వచ్చే ఏడు పూస్తుంది చూడు" అనేవారు. నేను అలాగేనండీ అనేవాణ్ణి. ఆయన లేనప్పుడు నవ్వుకునేవాణ్ణి గానీ, ఆ కుండీలకు నీడ సరిగ్గా పడుతోందో లేదో రోజూ చూసేవాణ్ణి.

ఆయనకు ఒక్క పట్టింపు ఉండేది. దొరల ముందు మనవాళ్ళ నమ్మకాల ఊసు ఎత్తకూడదు. శకునాలు, తాయెత్తులు, చెట్టుకు మొక్కుకోవడాలు, ఇవేవీ వాళ్ళ చెవిన పడకూడదు. మన సభ ఉపన్యాసాల వల్ల రైతుల్లో మూఢనమ్మకాలు మాయమైపోయాయని వార్షిక సభలో కలెక్టరు గారి ముందు గట్టిగా చదివారు కూడా. ఆ వాక్యం చదువుతున్నప్పుడు రైతులకు తెలుగులో చెప్పనక్కర్లేదని నాకు సైగ చేశారు.

ఆ ఏడు వానాకాలం చివర్లో కలెక్టరు దొరగారే ఉపన్యాసానికి వచ్చారు. కాకినాడ నుంచి కాలువ మీద పడవలో వచ్చి మా గట్టునే దిగారు. మంచి మనిషి, కానీ మొక్కల జబ్బుల విషయంలో మహా పట్టుదల. వెనక ఎక్కడో పనిచేసినప్పుడు ఆయన తోటకు నల్లమచ్చ తెగులు పట్టి చెట్లన్నీ పోయాయట. నల్లమచ్చ కనిపించిందా, జాలిపడకుండా పెకిలించి, గొయ్యి తీసి కాల్చేయాలని ఆయన గంటసేపు చెప్పారు. నేను రెండు గంటలు చెప్పాను. "అల్లుడికి మశూచికం పోసినా చూడ్డానికి వెళ్ళచ్చు గానీ, పక్కింటి ఆనపపాదుకు నల్లమచ్చ వస్తే ఆ గుమ్మం తొక్కకండి" అన్నాను. అదేదో బాగా చెప్పాననే గర్వంతో ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున్న కలెక్టరు గారు తోటంతా తిరిగి చూశారు. పక్కన ప్లీడరు గారు, ఒకడుగు వెనక నేను. తిరగడం అయ్యాక దొరగారు అసలు సంగతి చెప్పారు. లాకుల మరమ్మతుకు రాయి దింపుకోవడానికి ఈ జాగా ఇమ్మని కాలువల శాఖవారు అడుగుతున్నారట. ఇవ్వడమా మానడమా అన్నది ఆయన చేతిలో ఉంది.

"ఇక్కడ దొరల పూలు కనిపిస్తున్నాయి, జమీందార్ల క్రోటన్లు కనిపిస్తున్నాయి," అన్నారు. "రైతు ఏడీ? మాఘమాసంలో మీరు పెట్టే ప్రదర్శనకు ఊళ్ళవాళ్ళు వాళ్ళ చేత్తో పండించినవి తెస్తే ఈ తోట మీది. తేకపోతే రాళ్ళది."

ప్లీడరు గారు తలూపారు. దొరగారి పడవ మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నారు. తర్వాత గులాబీ కుండీల మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని, "ఈ కుండీలు మా ఇంటి పెరట్లో పట్టవోయ్," అన్నారు. పట్టకపోవడం కాదు ఆయన బాధ అని నాకు తెలుసు. తోట పోతే ఆయనకు పొద్దున్నే బండి కట్టించడానికి కారణం ఉండదు. నాకైనా ఏముంది, మళ్ళీ తాలూకా కచేరీలో నకళ్ళు రాసుకోవాలి. అక్కడ నోరు మెదిపితే కోప్పడతారు. నాకు నిజంగా భయం వేసింది.

ఆ మర్నాటి నుంచే పడవల మీద ఊళ్ళ వెంట పడ్డాను. కాకినాడ కాలువ వెంట దిగువకు, గోదావరి దాటి నిడదవోలు వైపు, ఎక్కడ పచ్చటి పాదు కనిపిస్తే అక్కడ దిగడం. మీ తోటలో బాగా కాసినదాన్ని మా ప్రదర్శనకు తీసుకురండి, పదిమందీ చూసి మెచ్చుకుంటారు అని చెప్పడం. మర్యాదలకు లోటు లేదు. మంచం వేసేవారు, మజ్జిగ ఇచ్చేవారు. అలాగేనండీ, చూద్దామండీ అనేవారు. రెండోసారి వెళ్తే మూలనున్న వంకర దోసకాయ తెచ్చి చేతిలో పెట్టేవారు. ఇది కాదండీ, ఆ పెద్దది అంటే, అది మావాళ్ళు వేరే ఊరికి మాటిచ్చారండీ అని చక్కగా అబద్ధమాడేవారు. గడ్డ కట్టిన పెరుగు వేసి మరీ అబద్ధమాడుతుంటే నేను మాత్రం ఏం చేస్తాను?

ఎందుకో నాకు బోధపడింది ఒక పిన్నిగారి ఇంట్లో. ఆమెది కాలువ గట్టునే ఉన్న ఒక ఊరు. మగడు పొలం చూసుకుంటే పెరడంతా ఆమె ఏలుబడి. తాటాకు ఇంటి కప్పు మీదికి గుమ్మడిపాదు పాకించింది. కప్పు మధ్యన ఏదో పాత చీర కప్పి ఉంది. గాలికి ఆ చీర కొంచెం తొలగితే కింద ఉన్నది చూసి నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం ఎంత అరుదో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. అంత గుమ్మడికాయను నేను మళ్ళీ చూడలేదు.

"పిన్నిగారూ, ఇదండీ నాకు కావలసింది," అన్నాను.

ఆమె గబగబా నిచ్చెనెక్కి చీర సర్దేసి దిగింది. "బాబూ, ఏమీ అనుకోకండి. కాలువలో పోయే పడవవాళ్ళ కళ్ళు పడకుండానే ఇన్నాళ్ళూ కప్పుకొచ్చాను. మీరేమో జిల్లా జిల్లానంతా పోగేసి దీని చుట్టూ నిలబెడతానంటున్నారు. ఇంకేమన్నా ఉందాండీ? కాయ మాట అటుంచండి, పాదే మాడిపోద్ది."

దిష్టి. అదన్నమాట సంగతి. ప్రతి పెరట్లోనూ కర్రకు బోర్లించిన సున్నపు చుక్కల కుండ రోజూ చూస్తూనే ఉన్నాను, బుర్రకు ఎక్కలేదు. ఎదుటివాళ్ళ కళ్ళు పడకుండా పెంచుకున్నదాన్ని, కళ్ళ ముందు పెట్టడానికి తీసుకురమ్మని నేను ఊరూరా తిరుగుతున్నాను. పసిపిల్లను తెచ్చి సంతలో కూర్చోబెట్టమన్నట్టే ఉంటుంది వాళ్ళకి.

"పోనీ ఒక బూడిదగుమ్మడికాయ మా ప్రదర్శన పందిరికి కట్టిస్తానండీ," అన్నాను.

"మీ పందిరికి కడితే మీ పందిరికి తగలదు. నా కాయ సంగతేంటి?"

ఆ పూట ఆమె నాకు అన్నం పెట్టింది. అదే పాదు మీది చిన్నకాయతో చేసిన దప్పళం. రెండు గరిటెలు పోయించుకున్నాక నాకు ఆలోచన తట్టింది. మంచి ఆలోచనలన్నీ నాకు అన్నం దగ్గరే తడతాయి. పసిపిల్లను బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఏం చేస్తామండీ, బుగ్గన కాటుక చుక్క పెట్టి తీసుకెళ్తాం కదండీ, దీనికీ అలాగే చుక్క పెట్టి తీసుకురండి అన్నాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే ఆలోచించింది. "కాటుక చాలదు బాబూ, ఇంత కాయకి. మసిలో ఆముదం కలిపి పెడతాను," అంది.

ఇంక చూసుకోండి. ఆ సలహా పడవ కంటే ముందు పరిగెత్తింది. నేను దిగేసరికే, చుక్క పెట్టుకుని రావచ్చటగా అని వాళ్ళే అడిగేవారు. రావచ్చండీ, ఎంత పెద్దదైనా పెట్టుకోండి అనేవాణ్ణి. ఆ నోటితోనే రెండు నెలల కిందట నల్లమచ్చ గురించి ఊదరగొట్టానన్న సంగతి నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు. ప్లీడరు గారికి చుక్కల మాట చెప్పలేదు. ఆయన పట్టింపు ఆయనకుంది కదా, పైగా వస్తున్నారండీ అంటే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. అలా వెలగనివ్వడమే నాకు ఇష్టంగా ఉండేది.

ప్రదర్శన రోజు పొద్దున్న కాలువ నిండా పడవలు. ఒకదాని పక్క ఒకటి ఆనుకుని, నీళ్ళు కనిపించడం లేదు. అరటిగెలలు భుజాన వేసుకుని మగవాళ్ళు, బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు గట్టెక్కుతుంటే ప్లీడరు గారు గేటు దగ్గర నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతున్నారు. తలపాగా పక్కకు ఒరిగిపోయినా చూసుకోలేదు. మిషను బడి పంతులమ్మగారు పిల్లలు పండించిన చిక్కుళ్ళు తెచ్చారు. ఉప్పాడ వైపు నుంచి ఎవరో ఇసకలో పండిన దోసకాయలు తెచ్చారు. పిన్నిగారి గుమ్మడికాయ ఇద్దరు మోస్తుంటే వచ్చింది, పాత చీర చుట్టుకుని. బల్ల మధ్యన పెట్టి ఆమె చీర తీసింది. అరచేతంత నల్లచుక్క, ఆముదం మెరుస్తోంది. చుట్టూ చూశాను. కంద మీద చుక్క, ఆనపకాయ మీద చుక్క, గెలకు ఒక్కో అత్తం మీద ఒక్కో చుక్క. వంకాయల మీద నలుపు ఆనదని సున్నంతో తెల్లచుక్క పెట్టారు. ముచ్చటేసింది నాకు. నా పిల్లలందరూ పండక్కి తయారైనట్టు అనిపించింది.

ప్లీడరు గారు మాత్రం నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "ఇదేంటోయ్? దొరగారు చూస్తే?"

"ఏమంటారండీ? చుక్కే కదా," అన్నాను.

"అడిగితే ఇంకేదైనా చెప్పు. దిష్టి అని మాత్రం ఇంగ్లీషులో అనకు. పోయినేడు నేను చదివింది ఆయనకు గుర్తుంటుంది."

అంతలోనే కలెక్టరు గారి పడవ వచ్చింది. దొరగారితో దొరసానిగారు, ఆమె వెనక ఆయా, ఆయా చంకన తెల్లటి టోపీ పెట్టుకున్న పసివాడు. పడవలు, జనం చూసి దొరగారి మొహంలో సంతోషం కనిపించింది. ప్లీడరు గారితో చెయ్యి కలిపారు. మా పని అయిపోయిందనే అనుకున్నాను.

మొదటి బల్ల మీద అరటిగెల. దొరగారు వంగి చూశారు. రెండో బల్ల మీద పెండలం. జేబులోంచి భూతద్దం తీశారు. మూడో బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు పోయింది. వంకాయలు చూసి, "ఇది ఇంకో రకం," అని తనలో తాను అనుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, వానాకాలం ఉపన్యాసం.

గుమ్మడికాయ దగ్గర ఆగి, ఈ మచ్చ ఎప్పుడు వచ్చిందో అడగమన్నారు. పిన్నిగారిని అడిగాను.

"పొద్దున్నేనండీ. పడవెక్కే ముందు."

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. దొరగారు ఉలిక్కిపడ్డారు. ఒక్క పూటలో ఇంత పెరిగిందా, చుట్టుపక్కల ఇళ్ళలో కూడా ఉందా అడగమన్నారు.

"ఎందుకుండదండీ? మా ఊళ్ళో ఒక్క కాయనీ వదల్లేదు."

అదీ చెప్పాను. చెప్పకపోతే ఇంకేం చెప్పను? వెనక నుంచి ప్లీడరు గారు నా ఉత్తరీయం అంచు పట్టుకుని గుంజుతున్నారు, ఆ మాట అనద్దని. నాకు అసలు చిక్కు అది కూడా కాదు. దిష్టిని ఇంగ్లీషులోకి తిప్పితే చెడ్డ కన్ను అవుతుంది. కాయల్ని చూస్తున్న కళ్ళు కలెక్టరు గారివి. మీ కన్ను చెడ్డదని ఆయన మొహాన ఎలా అనను?

దొరగారు భూతద్దం జేబులో పెట్టేసుకున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధే ఉంది. ఇది జిల్లా అంతా పాకిన తెగులు, ఒక్కటి కూడా ఈ పందిరి దాటి వెనక్కి వెళ్ళకూడదు, తోట చివర గొయ్యి తీయించి అన్నీ కాల్చేయాలి, ఈ నేల కూడా ఇంక మొక్కలకు పనికిరాదు అన్నారు. బంట్రోతులు పలుగులు, పారలు పట్టుకుని పరిగెత్తారు. జనానికి తెలుగులో చెప్పమని నా వైపు చూశారు.

జనం కూడా నా వైపే చూస్తున్నారు. నేను ఏదో నవ్వించే మాట చెప్తానని కొందరి మొహాల్లో అప్పుడే నవ్వు సిద్ధంగా ఉంది. తోట చివర పార నేలకు తగిలిన చప్పుడు వినిపించింది. నా ఉద్యోగంలో నేను తెలుగు చెయ్యకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. మీ పిల్లల్ని కాల్చేయమంటున్నారని నా నోటితో చెప్పలేకపోయాను. ప్లీడరు గారి చెయ్యి నా ఉత్తరీయాన్ని వదిలేసింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గులాబీ కుండీల వైపు చూస్తున్నారు.

ఇంక ఆగలేదు నేను. పక్కనున్న నీళ్ళ కుండలో ఉత్తరీయం కొంగు ముంచి గుమ్మడికాయ మీద చెయ్యి వేశాను. పిన్నిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తుడవకండి బాబూ. ఇంతమంది చూస్తుండగా తుడుస్తారా?"

"మసండీ ఇది," అని దొరగారితో ఇంగ్లీషులో అనేశాను. "తెగులు కాదు, మసి. వీళ్ళే పెట్టుకున్నారు."

"ఎందుకు?" అన్నారాయన.

చెడ్డ కన్ను కాని ఇంకో మాట కోసం వెతుక్కున్నాను. అదే సమయానికి పందిట్లో ఉక్కకు పసివాడు ఏడుపు అందుకున్నాడు. ఆయా వాడి టోపీ తీసింది. పిన్నిగారు అటు చూసింది. చూసి నవ్వింది. నన్ను వదిలేసి దొరగారినే చూస్తూ, తెలిసినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఎందుకేంటండీ? మీ బాబుకి ఎందుకు పెట్టుకున్నారో మా కాయకీ అందుకే పెట్టుకున్నాం. ముద్దొచ్చినవాటికే పెడతాం కదండీ. బయటివాళ్ళ దాకా ఎందుకు, ముందు మా దిష్టే తగులుద్ది దీనికి. పొద్దున లేస్తే దీన్ని చూసి మురిసిపోయేది మేమే కదండీ."

ఈసారి ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. ఆమె అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. నేను చేసిన అనువాదాలన్నింటిలో మంచిది అదేనని నా నమ్మకం.

దొరగారు వెనక్కి తిరిగారు. పసివాడి చెవి పక్కన, జుట్టు కింద, చక్కటి గుండ్రటి కాటుక చుక్క. ఆయా భయపడి కొంగుతో తుడవబోయింది. దొరసానిగారు ఆమె చెయ్యి ఆపేసి పకపకా నవ్వారు. రోజూ పొద్దున్నే పెడుతుందట, సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేలోపు స్నానంలో పోతుందట. ఆ ఇంట్లో వంటవాడితో సహా అందరికీ తెలుసు, దొరగారికి తప్ప.

కలెక్టరు గారు కొడుకు చెవి పక్కకు చూశారు, గుమ్మడికాయ వైపు చూశారు. వేలితో ఆ చుక్క అంచు ముట్టుకుని, వేలు చూసుకున్నారు. టోపీ తీసి నుదురు తుడుచుకుంటే ఆ మసి కాస్తా ఆయన నుదుటికి అంటింది. ముందు పిన్నిగారే నవ్వింది, తర్వాత పందిరంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో దొరసానిగారు చెవిలో చెప్పాక ఆయనా నవ్వారు. తుడుచుకోలేదు. ఆ చుక్కతోనే బల్లలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశారు, ఈసారి భూతద్దం లేకుండా. మొదటి బహుమతి ఏ కాయకు వచ్చిందో చెప్పనక్కర్లేదు.

బంట్రోతులు అప్పటికే మనిషి లోతు గొయ్యి తీసేశారు. దాన్ని ఏం చెయ్యాలని వచ్చి అడిగితే, దొరగారు ప్లీడరు గారి వైపు తిరిగి, మంచి అంటు ఏదైనా ఉందా అన్నారు. సగం పూడ్చి, అందులో కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు నాటాం. అంటు పెట్టిందీ, మట్టి కప్పిందీ ప్లీడరు గారే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. తోట మీదేనని దొరగారు పందిట్లో అందరి ముందూ అన్నారు. దాన్ని నేను తెలుగు చేసేలోపే రైతుల వైపు నుంచి ఈలలు వినిపించాయి. ఎలా అర్థమైందో నాకు తెలియదు. ప్లీడరు గారు ఆ రోజు తన బండిలోనే నన్ను రాజమండ్రి తీసుకెళ్ళారు. మా సందు దగ్గర దిగుతుంటే నా భుజం మీద చెయ్యి వేసి, తీసేశారు.

మరుసటి ఏడు ఆయన గులాబీ పూసింది. ఒకే ఒక్కటి, లేత గులాబి రంగు, అరచేతంత. ఆ వారమంతా ఆయన తోటలోనే పడుకున్నారని మాలీ చెప్పాడు. ప్రదర్శన రోజున దాన్ని తానే మోసుకొచ్చి పూల బల్ల మధ్యన పెట్టారు.

కలెక్టరు గారికి అప్పటికి బదిలీ రాలేదు. ఆయన వచ్చి, భూతద్దం పట్టుకోకుండా, ప్రతి కాయకూ చుక్క ఉందో లేదో వెతుక్కుంటూ నడిచారు. చుక్క కనిపించినచోటల్లా పిన్నిగారి వైపు చూసి తలూపారు. పూల బల్ల దగ్గరికి వచ్చారు. గులాబీని చాలాసేపు చూశారు. ఇటు వంగి చూశారు, అటు వంగి చూశారు. తర్వాత ప్లీడరు గారితో, నిజంగానే కంగారుపడుతూ, ఇంత అందమైనదాన్ని ఇలా బోసిగా ఎలా తెచ్చారండీ, ఇందరి కళ్ళు పడవూ అన్నారు.

ప్లీడరు గారు కోటు బొత్తాలు సవరించుకున్నారు, గొంతు సవరించుకున్నారు. ఆఖరికి రెండు చేతులతో కుండీని పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తిప్పారు. కుండీ వెనక భాగాన, ఎవరికీ కనపడని చోట, ఆముదం కలిపిన మసితో అరచేతంత చుక్క.

"నాదే తగుల్తుందేమోనని పెట్టానోయ్," అని నాతో తెలుగులో, చాలా మెల్లిగా అన్నారు. "దీన్ని మాత్రం ఇంగ్లీషులోకి మార్చకు."

మార్చాల్సిన అవసరం రాలేదు. దొరగారు అప్పటికే టోపీ తీసేసి నవ్వుతున్నారు.